చూశాను అన్న మాట

సోమవారం రెండో పీరియడ్‌లో పదో తరగతి బల్లలన్నీ ఎదురూబొదురూ తిరిగాయి. బల్లలు ఈడ్చిన చప్పుడుకి కింది గదిలో లెక్కల మాస్టారు కర్రతో పైకప్పుని పొడిచాడు. చరిత్ర టీచర్ మడమతో నేలమీద రెండుసార్లు తట్టి సరే అన్నట్టు జవాబిచ్చింది. ఈ ఏడాది ఇది వాళ్ళిద్దరికీ అలవాటైపోయింది. అంతకుముందు ఇరవై ఏళ్ళూ ఆవిడ గదిలోంచి చప్పుడన్నదే వచ్చేది కాదు. ఆవిడ చెప్పేది, పిల్లలు రాసుకునేవాళ్ళు. పిల్లలు పెట్టిన పేరు 'తేదీల టీచర్'. ఇప్పుడు పద్ధతి మారింది కానీ పేరు మారలేదు.

బల్లకొక కవరు చొప్పున ఆరు కవర్లు పంచింది. ఏడోది అంటించి తన చేతిసంచిలోనే ఉంచుకుంది.

"లండన్ నగరం. పదహారు వందల అరవై ఆరు. సెప్టెంబర్ రెండో తారీఖు, ఆదివారం, ఇంకా తెల్లవారలేదు. ఒక రొట్టెలాయన ఇంట్లో నిప్పు అంటుకుంది. నాలుగు రోజుల్లో ఊరు చాలావరకు బూడిదైంది. నిప్పు ఎవరు పెట్టారు? మీ కవర్లలో కాగితాలున్నాయి. చదవండి, వాదించుకోండి, తేల్చండి. నన్ను మాత్రం అడక్కండి."

నల్లబల్ల మీద నాలుగు ప్రశ్నలు రాసింది. ఎవరు చెప్పారు? ఎప్పుడు చెప్పారు? కళ్ళారా చూశారా? అలా చెబితే వాళ్ళకేం ఒరుగుతుంది?

కాసేపటికి గది సంతలా అయింది. పడుకునేముందు పొయ్యి ఆర్పేశానని రొట్టెలాయన అన్న మాట ఒక కాగితంలో ఉంది. పరాయిదేశం కుర్రవాడొకడు నేనే నిప్పు పెట్టానని ఒప్పుకున్నాడని ఇంకోదాంట్లో ఉంది. అతని మీద నేరారోపణ పత్రంలో రొట్టెలాయన ఇంటివాళ్ళే సంతకాలు పెట్టారు. మరుసటి నెలలోనే అతన్ని ఉరితీశారు.

"అతనే టీచర్!" అన్నాడు నోరు మూతపడని పిల్లవాడు. వాణ్ణి తరగతంతా 'రేడియో' అంటుంది. "తనే ఒప్పుకున్నాక ఇంక వాదనేముంది?"

"రొట్టెలాయన తన తప్పు కప్పిపుచ్చుకోడానికి సంతకం పెట్టాడేమో?" అంది వాడి పక్కనున్న అమ్మాయి. దళసరి అద్దాల కళ్ళజోడు పెట్టుకుంటుంది కాబట్టి ఆ పిల్ల పేరు కళ్ళజోడు. ఆ పేరుకి ఎప్పుడో అలవాటు పడిపోయింది.

చేతులెత్తమంటే ముప్పై మంది పరాయివాడిదే తప్పన్నారు. అప్పుడు టీచర్ ఏడో కవరు చింపి చదివింది. అతన్ని ఓడలో తీసుకొచ్చిన కెప్టెన్, ఉరి అయిపోయాక, ఒక మాట చెప్పాడు: నిప్పు అంటుకున్న రెండు రోజులకి గానీ ఆ కుర్రవాడు ఆ నేలమీద కాలే పెట్టలేదు.

ఎత్తిన చేతులు ఒక్కొక్కటే దిగిపోయాయి.

"మరి ఎందుకు ఒప్పుకున్నాడు టీచర్?" అన్నాడు రేడియో, ఈసారి గొంతు తగ్గించి.

"తెలియదు."

"తెలియదంటే ఎలా టీచర్? పరీక్షలో వస్తేనో?"

అందరూ నవ్వారు. ఆ నవ్వు సద్దుమణిగాక చివరి బెంచీలోంచి ఒక గొంతు వచ్చింది.

"ఒప్పుకోకపోయినా వాళ్ళు నమ్మేవాళ్ళు కాదు కదా."

ఆ పిల్ల ఏడాది మధ్యలో ఎక్కడో వేరే ఊరినుంచి వచ్చి చేరింది. వాళ్ళ నాన్న క్రేన్ ఆపరేటరు. పని ఎక్కడుంటే కాపురం అక్కడికి మారుతుంది. వచ్చిన రోజునే పిల్లలు 'పార్సిల్' అని పేరు పెట్టేశారు. తరగతిలో ఆ పిల్ల నోరు విప్పడం టీచర్ వినడం ఇదే మొదలు.

"భలే మాటన్నావ్," అంది టీచర్ మనస్ఫూర్తిగా. "అందరూ ఇది రాసుకోండి."

అందరూ రాసుకున్నారు. పార్సిల్ రాసుకోలేదు. కిటికీవైపు చూస్తూ కూర్చుంది. గంట కొట్టేముందు టీచర్ ఇంటిపని ఇచ్చింది. ముగ్గురేసి కలిసి మన బడిలోనే జరిగిన ఏదో ఒక సంగతి తీసుకుని, ఇవే నాలుగు ప్రశ్నలు వేసి, శుక్రవారానికి విచారణ రాసుకురావాలి. గోడ గడియారం ఎప్పుడు ఆగిపోయింది, ఆటల గది తాళంచెవి ఎవరు పోగొట్టారు, ఏదైనా సరే.

ఆ రోజు ఇంటికెళ్తుంటే ఆవిడ కాళ్ళు తేలిగ్గా పడ్డాయి. పాఠం పండిన రోజు అలాగే ఉంటుంది ఆవిడకి.

*

బుధవారం మధ్యాహ్నం స్టాఫ్ రూమ్‌లో టీచర్ డబ్బా మూత తీసిందో లేదో, గుమ్మంలో ముగ్గురు నిలబడ్డారు. కళ్ళజోడు, రేడియో, వాళ్ళ వెనకాల వడ్రంగి కూతురు. ఆ పిల్ల జేబులో టేపు ఎప్పుడూ ఉంటుంది, ఇంకొకరికి పెన్ను ఉన్నట్టు.

"టీచర్, మా ఇంటిపని గురించి. మిమ్మల్ని నాలుగు ప్రశ్నలు అడగాలి," అంది కళ్ళజోడు.

"నన్నా? ఏం సంగతి తీసుకున్నారు?"

ముగ్గురూ మొహమొహాలు చూసుకున్నారు. రేడియో నోటికే తాళం పడింది. చివరికి కళ్ళజోడే చెప్పింది. "మైక్రోస్కోపు టీచర్."

మూడు వారాల కిందటి మాట. సైన్సు గదిలో బడికంతటికీ ఉన్న ఒకే ఒక్క కొత్త మైక్రోస్కోపు మధ్యాహ్న విరామంలో కిందపడి ముక్కలైంది. గదిలో ఉన్నది పార్సిల్ ఒక్కతే. చూసినది చరిత్ర టీచర్ ఒక్కతే. ఆవిడే సంఘటనల పుస్తకంలో రాసి సంతకం పెట్టింది. ఆ పిల్లకి సైన్సు గది నిషేధించారు. అంతటితో పోలేదు. పరికరాల తయారీ నేర్పే హాస్టలు స్కూల్లో ఆ పిల్లకి పరీక్ష రాసి సీటొచ్చింది. ఈ శుక్రవారం అక్కడికి వెళ్ళబోయే ప్రవర్తన పత్రంలో 'బడి ఆస్తిని ధ్వంసం చేసినది' అన్న ముక్క కూడా చేరుతుంది. పరికరాల స్కూలుకి ఆ ముక్క చాలు.

"ఇది ఆ పిల్లే చేయమందా?" అంది టీచర్.

"లేదు టీచర్. అడిగితే మా మీద విరుచుకుపడింది. 'నా బతుకు మీకు ఇంటిపనా?' అంది." కళ్ళజోడు చెవులు ఎర్రబడ్డాయి. "మానేద్దామనుకున్నాం. కానీ ఆఫీసులో గుమాస్తా గారు పుస్తకం చూపించారు. చూశాక మానలేకపోయాం."

టీచర్ డబ్బా మూత పెట్టేసింది. "అడగండి."

"అప్పుడు మీరెక్కడున్నారు?"

"వరండాలో. మెట్లెక్కి ఇటు వస్తున్నాను."

"చేతిలో ఏమున్నాయి?"

"దిద్దిన నోటుపుస్తకాలు. మీవే, నలభై రెండు." చేత్తో గడ్డం దాకా ఎత్తు చూపించింది. "ఇంత."

వడ్రంగి కూతురు ఆ ఎత్తుని కళ్ళతోనే కొలిచి కాగితం మీద ఏదో గీసుకుంది.

"ముందు చప్పుడు విన్నారా, ముందు చూశారా?"

"చప్పుడు విని పరుగెత్తాను. పుస్తకాలు కిటికీ గట్టు మీద పెట్టి..." టీచర్ ఆగింది.

"పెట్టి, అప్పుడు లోపలికెళ్ళారా?"

"అవును. పార్సిల్... ఆ అమ్మాయి గొట్టం ముక్క చేత్తో పట్టుకుని నిలబడి ఉంది. కింద గాజు."

"అయితే పడేటప్పుడు..."

"చూశానని రాశాను కదా!"

"రాశారు టీచర్," అంది కళ్ళజోడు. పిల్ల తల దించలేదు. "మేం రాసింది అడగట్లేదు. చూసింది అడుగుతున్నాం."

పక్క బల్ల దగ్గర డ్రిల్లు మాస్టారు నమలడం ఆపేశాడు.

వడ్రంగి కూతురు కాగితం టీచర్ ముందు పెట్టింది. సైన్సు గది పటం. గోడలు, తలుపు, బల్ల, అన్నీ అంగుళాలతో సహా. తలుపు లోపలికి తెరుచుకుంటుంది. తెరిస్తే రెక్క వెనకే బల్ల. "వరండాలో ఎక్కడ నిలబడ్డా బల్ల కనపడదు టీచర్. లోపలికి మూడడుగులు వేయాలి. రేడియోని అన్నిచోట్లా నిలబెట్టి చూశాం."

"నాకు నడుం కూడా నొప్పెట్టింది టీచర్," అన్నాడు రేడియో, మాట తేలిక చేద్దామని. ఎవరూ నవ్వలేదు.

"మీరు ఇంటిపని చేస్తున్నారా, కోర్టు నడుపుతున్నారా?" టీచర్ లేచి నిలబడింది. "నేను అబద్ధం రాశానంటారు. అంతేనా?"

"మేం అలా అనలేదు..."

"వెళ్ళండి. క్లాసుకి టైమైంది."

టైమింకా కాలేదు. ఆ సంగతి నలుగురికీ తెలుసు. పిల్లలు వెళ్ళిపోయారు. పటం మాత్రం బల్ల మీద ఉండిపోయింది. టీచర్ దాన్ని మడిచి చేతిసంచిలో పడేసింది. డబ్బా మళ్ళీ తెరవలేదు.

*

సాయంత్రం ఇంట్లో అత్తగారు బీన్సు ఈనెలు తీస్తోంది. ముప్పై ఏళ్ళు కోర్టులో టైపిస్టుగా చేసి రిటైరైంది ఆవిడ. ఇప్పటికీ బీన్సుని కూడా పది వేళ్ళతో తీస్తుంది. భర్త ప్రెస్సులో సాయంత్రం షిఫ్టు కాబట్టి ఈ వేళలో అత్తాకోడళ్ళిద్దరే ఇంట్లో ఉంటారు.

కోడలు ఎదురుగా కూర్చుని ఒక గుప్పెడు తీసుకుంది. రెండు కాయలు తుంపి, మూడోదాన్ని చేతిలోనే పట్టుకుని ఉండిపోయింది.

"ఏమ్మాయ్, ఆ కాయ నీకేం అన్యాయం చేసింది? అలా నలిపేస్తున్నావ్?"

కోడలు జరిగిందంతా చెప్పింది. చెబుతుంటే కోపం మళ్ళీ పుట్టుకొచ్చింది. "నేను నేర్పిన నాలుగు ప్రశ్నలు నా మీదే ప్రయోగించారు అత్తయ్యా. కత్తి పదును పెట్టి చేతికిస్తే నా వేలే కోశారు."

"పదును బాగానే పెట్టావన్నమాట," అంది అత్తగారు.

"నాకు కళ్ళకి కట్టినట్టు గుర్తుంది. అది జారడం, తిరుగుతూ కిందపడటం. ఆ పిల్ల మొహం కూడా."

"సరే. పడ్డ వస్తువు మొత్తం పరికరమేనా?"

"మొత్తమే."

"పడుతున్నప్పుడు ఆ పిల్ల చేతిలో ఏముంది?"

"గొట్టం ముక్క. నల్లది."

అత్తగారు బీన్సు గిన్నె పక్కకి జరిపింది. "అమ్మాయ్, పరికరం మొత్తం గాల్లో ఉంటే దాని గొట్టం ఆ పిల్ల చేతిలోకి ఎలా వచ్చింది?"

కోడలు కళ్ళు మూసుకుని ఆ దృశ్యాన్ని మళ్ళీ పిలిచింది. వచ్చింది. ఎప్పటిలాగే స్పష్టంగా వచ్చింది. పిల్ల నిలబడి ఉంది, చేతిలో గొట్టం ఉంది, పరికరం నిండుగా తిరుగుతూ పడుతోంది, దానికీ గొట్టం ఉంది. రెండు గొట్టాలు. మూడు వారాలుగా ఆ బొమ్మని ఎన్నిసార్లు చూసిందో, ఒక్కసారైనా లెక్కపెట్టలేదు.

"అంటే... నేను అల్లుకున్నానా?"

"నువ్వొక్కదానివే కాదులే. ముప్పై ఏళ్ళు సాక్ష్యాలు టైపు కొట్టాను. అబద్ధం చెప్పేవాణ్ణి ప్లీడరు రెండు ప్రశ్నల్లో పట్టేస్తాడు. నిజమనుకుని తప్పు చెప్పేవాళ్ళతోనే చచ్చే చావు. వాళ్ళు కన్నీళ్ళు పెట్టుకుని మరీ చెబుతారు." అత్తగారు చేతులు తుడుచుకుంది. "అసలా పుస్తకంలో రాసింది ఎప్పుడు?"

"వెంటనే. సైన్సు సారు కంగారుగా వచ్చి 'మీరు చూశారుగా మేడమ్' అన్నాడు. ఊఁ అన్నాను. హెడ్మాస్టర్ 'అయితే రాసేయండి' అన్నారు. ఐదో పీరియడ్ గంట కొట్టేశారు. నిలబడే రాశాను."

"ఆ పిల్ల ఏమంది?"

కోడలు ఆలోచించింది.

"అడగలేదు అత్తయ్యా. ఎవరూ అడగలేదు."

అత్తగారు గిన్నె దగ్గరికి లాక్కుని మళ్ళీ ఈనెలు తీయడం మొదలెట్టింది. మిగిలిన కాయలన్నీ ఇద్దరూ కలిసి పూర్తిచేశారు.

*

గురువారం టీచర్ బడికి అందరికంటే ముందు వెళ్ళింది. బీరువాలోంచి నలభై రెండు నోటుపుస్తకాలు తీసి, గడ్డం కింద ఆనించుకుని, మెట్లెక్కి వరండాలో నడిచింది. సైన్సు గది తలుపు సగం తెరిచి పెట్టింది. వరండాలో వెనక్కెళ్ళింది, ముందుకొచ్చింది, గోడవారగా వచ్చింది. పుస్తకాల అంచు, దాని మీదుగా తలుపు రెక్క, అంతే. బల్ల లేదు. ఊడుస్తున్న ఆయా చీపురు ఆపి, "పుస్తకాలకి షికారా అమ్మా?" అంది.

"అవునమ్మా, గాలి పోసుకుంటున్నాయి," అంది టీచర్.

కిటికీ గట్టు మీద పుస్తకాలు పెట్టింది. లోపలికి ఒకటి, రెండు, మూడడుగులు వేసింది. అప్పుడు కనపడింది బల్ల.

అక్కడే నిలబడి ఉండగా సైన్సు మాస్టారు వచ్చాడు. సంగతి వినగానే చేతిలో తాళాల గుత్తి బల్ల మీద పడేశాడు.

"ఇప్పుడు ఇదెందుకు తవ్వుతారు మేడమ్? అయిపోయిందిగా!"

"ఆ పిల్లకి కాలేదు సార్. రేపే మొదలవుతుంది."

"ఆ పిల్ల కాకపోతే ఎవరు పడేసినట్టు? దెయ్యమా?"

"తెలియదు."

"తెలియనప్పుడు ఏం రాస్తారు?"

"తెలియదనే రాస్తాను."

ఆయన మనిషి చెడ్డవాడు కాదు. పిల్లలకి పాఠం చెబుతూ తినడం మరిచిపోయే రకం. "విరామానికి ముందు అది అల్మరాలో పెట్టి తాళం వేయాల్సింది నేను. వేయలేదు. ఇంటినుంచి ఫోనొస్తే కిందికి పరుగెత్తాను. బల్ల అంచునే ఉండిపోయిందేమో, మధ్యలో పెట్టానేమో, ఒట్టు, నాకు గుర్తులేదు. మీ సాక్ష్యం పోతే అది నా మెడకి చుట్టుకుంటుంది."

"చుట్టుకోవచ్చు," అంది టీచర్. "మీ గురించి నేనేమీ రాయను సార్. మీరు చేసింది నేను చూడలేదు కదా."

ఆయన తాళాల గుత్తి తీసుకుని, అందులో అల్మరా తాళంచెవి ఏదో వెతుక్కుంటూ నిలబడ్డాడు.

హెడ్మాస్టర్ గదిలో పని అంత తేలిగ్గా కాలేదు. ఆయన సంఘటనల పుస్తకం తెరిచి, ఆవిడ రాసిన వాక్యం కింద వేలు పెట్టి చదివాడు. 'పై విద్యార్థిని మైక్రోస్కోపును కింద పడవేయుట నేను చూచితిని.'

"చేతిరాత మీదే. సంతకం మీదే. ఇప్పుడు కాదంటే ఎలా?"

"చేతిరాత నాదే సార్. చూపు మాత్రం నాది కాదు. నేను వెళ్ళేసరికే పడిపోయి ఉంది."

"రిజిస్టర్లో కొట్టివేతలు కుదరవు."

"కొట్టేయను. అది అలాగే ఉండనివ్వండి. దాని కింద రాస్తాను."

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. "ఆ పిల్ల చేసి ఉండొచ్చు కదా? గదిలో ఉన్నది ఒక్కతే."

"ఉండొచ్చు సార్. చేయకపోయి ఉండొచ్చు. విరామంలో ఎవరూ వెళ్ళకూడని గదిలోకి వెళ్ళింది, అది వేరే తప్పు. దానికి ఏ శిక్షో అది వేయండి. పడేసిందన్నది మాత్రం నా ఒక్క మాట మీద నిలబడింది. ఆ మాట కింద నేల లేదు."

"మీకు సీనియర్ పోస్టు కోసం పోయిన వారమే రాశాను," అన్నాడాయన. బెదిరింపులా కాదు, దిగులుగానే అన్నాడు. "ఇది వెళ్తే మీ ఫైల్లో కూడా ఒక కాగితం చేరుతుంది. తప్పు సాక్ష్యం ఇచ్చారని నేనే రాయాలి. ఆ పోస్టు ఈ ఏటికి మరిచిపోవాల్సిందే."

టీచర్ చేతులు ఒళ్ళో ఉన్నాయి. ఒక చేత్తో ఇంకో చేతి వేళ్ళకంటిన సుద్ద రాలగొట్టుకుంటోంది. ఆ పోస్టు కోసం ఆరేళ్ళుగా ఎదురుచూస్తోంది. అత్తగారికి కూడా చెప్పలేదు, వచ్చాక చెబుదామని.

"రాయండి సార్," అంది.

పుస్తకం తన వైపు తిప్పుకుంది. ఈసారి కూర్చుని రాసింది. తారీఖు వేసి, వాడుక మాటల్లోనే రాసింది. 'పైన నేను చూశానని రాసింది సరికాదు. నేను చప్పుడు మాత్రమే విన్నాను. లోపలికి వెళ్ళేసరికి పరికరం పగిలి ఉంది. అది ఎలా పడిందో నాకు తెలియదు.' సంతకం పెట్టి, ఆ పేజీని కిందనుంచి పైదాకా ఒకసారి చూసింది. గళ్ళు వరుసగా ఉన్నాయి. సంఘటన. సాక్షి. చర్య.

"సార్, ఇందులో పిల్లలు చెప్పింది రాసే గడి ఏది?"

"అలాంటిది లేదు."

"ఎప్పుడూ లేదా?"

"నేను వచ్చినప్పటినుంచీ లేదు." ఆయనకి కూడా ఆ ఆలోచన అప్పుడే తట్టినట్టుంది. తన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. తర్వాత గుమాస్తాని పిలిచి, రేపటి ప్రవర్తన పత్రం మళ్ళీ టైపు చేయమన్నాడు, చివరి వాక్యం లేకుండా. "సాక్షే లేనప్పుడు నేను దాని కింద ఎలా సంతకం పెడతాను?" అన్నాడు, ఎవరితోనో వాదిస్తున్నట్టు.

*

శుక్రవారం రెండో పీరియడ్. పిల్లలు విచారణలు చదివారు. గోడ గడియారం మీద నాలుగు జట్లు నాలుగు రకాలుగా తేల్చాయి. కళ్ళజోడు వంతు వచ్చేసరికి ఆ పిల్ల కాగితాలు పట్టుకుని లేచింది, మళ్ళీ కూర్చుంది.

"మాది పూర్తవలేదు టీచర్."

"పూర్తయింది. చదువు."

"వద్దు టీచర్," అన్నాడు రేడియో. వాడు వద్దనడం ఆ గదిలో ఎవరూ ఎప్పుడూ వినలేదు.

టీచర్ సంచిలోంచి మడతపడ్డ పటం తీసి నల్లబల్లకి అంటించింది. అంటించిన చోట బొటనవేలితో రెండుసార్లు రుద్దింది, ఊడకుండా. "అయితే నేనే చెబుతాను. మైక్రోస్కోపు ఎలా పడింది అన్నది ఈ జట్టు తీసుకున్న ప్రశ్న. సాక్షి ఒక్కరే. నేను. నేను చూశానని రాశాను. చూడలేదు. ఈ ముగ్గురూ కొలిచి చెబితే వీళ్ళ మీద అరిచాను. నిన్న వెళ్ళి నిలబడి చూశాను. వీళ్ళ కొలత సరైనది, నా మాట తప్పు. హెడ్మాస్టర్ గారి పుస్తకంలో అదే రాశాను."

లెక్కల మాస్టారి గదిలోంచి ఎక్కం వల్లెవేస్తున్న చప్పుడు వినపడుతోంది.

"ఇది అందరి ముందూ అన్నాను, కాబట్టి క్షమించమని కూడా అందరి ముందే అడగాలి." టీచర్ చివరి బెంచీవైపు తిరిగింది. పార్సిల్ అని నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసి, హాజరుపట్టీలో ఉన్న అసలు పేరుతో పిలిచింది. "అమ్మా, తప్పయిపోయింది."

ఆ పిల్ల లేచి నిలబడింది. మొహం కందగడ్డలా ఉంది. బెంచీ దాటుకుని, తలుపు తీసుకుని, వెళ్ళిపోయింది.

టీచర్ తరగతిని కళ్ళజోడుకి అప్పగించి వెనకాలే వెళ్ళింది. వరండా చివర కుళాయి దగ్గర ఆ పిల్ల మొహం కడుక్కుంటోంది. కడుక్కుంటూనే ఉంది. టీచర్ రెండడుగుల దూరంలో ఆగింది.

"ఆ ముక్క లేకుండానే ప్రవర్తన పత్రం వెళ్ళిపోయిందని గుమాస్తా గారు చెప్పారు," అంది ఆ పిల్ల వెనక్కి తిరక్కుండానే. "అయిపోయింది కదా. ఇంకేంటి?"

"ఆ పత్రం ఆ స్కూలు వాళ్ళ కోసం. ఇక్కడ పుస్తకంలో నేను రెండుసార్లు రాశాను. నువ్వు ఒక్కసారి కూడా రాయలేదు."

"మీరెవరూ అడగలేదు." కుళాయి కట్టేసింది. "ఆ రోజు మీరు అడుగుతారేమోనని అక్కడే నిలబడ్డాను. గొట్టం చేతిలో పెట్టుకుని. సార్ వచ్చారు, పెద్ద సార్ వచ్చారు, ఆయా కూడా వచ్చింది. అందరూ నన్ను చూశారు. ఒక్కరూ అడగలేదు."

"ఇప్పుడు అడుగుతున్నాను."

"చెబితే నమ్ముతారా?"

నమ్ముతానని చెప్పడం ఎంత తేలికో టీచర్‌కి తెలుసు. "చదవకముందే నమ్ముతానంటే అదీ అబద్ధమే అవుతుంది. కానీ నువ్వు రాసింది రాసినట్టే ఆ పుస్తకంలో అంటిస్తాను. ఎవరూ దిద్దరు. అక్షర దోషాలుంటే అవి కూడా నీవే."

ఆ పిల్ల మొదటిసారి ఆవిడ మొహంలోకి చూసింది. నవ్వలేదు. తడిచేతులు గౌనుకి తుడుచుకుంది.

లైబ్రరీ గదిలో ఎవరూ లేరు. కిటికీ పక్క బల్ల దగ్గర ఆ పిల్ల కూర్చుంది. టీచర్ ఒక తెల్లకాగితం ముందు పెట్టి, తన పెన్ను మూత తీసి ఇచ్చింది. తర్వాత బీరువాల దగ్గరికి వెళ్ళి, వీపు చూపించి నిలబడి, సర్దక్కర్లేని పుస్తకాలు సర్దడం మొదలుపెట్టింది.

ఆ పిల్ల కాగితం పైన తారీఖు వేసింది.

"టీచర్."

"ఊఁ."

"అది పడ్డప్పటినుంచి రాయనా? లేకపోతే లోపలికి ఎందుకెళ్ళానో అక్కడ్నుంచి రాయనా?"

"నీకు ఎక్కడ మొదలైందో అక్కడ్నుంచి రాయి."

ఆ పిల్ల పెన్ను బల్ల మీద ఆనించి కాసేపు ఆలోచించింది. బయట గంట కొట్టారు. వరండాలో అడుగుల చప్పుళ్ళు నిండి, మళ్ళీ పలచబడ్డాయి. తర్వాతి పీరియడ్‌కి ఆవిడ ఎనిమిదో తరగతికి వెళ్ళాలి. వెళ్ళలేదు.

"అయితే నేను ఈ బడికొచ్చిన మొదటిరోజు నుంచి రాయాలి," అంది ఆ పిల్ల. కాగితాన్ని అటూ ఇటూ తిప్పి కొలిచినట్టు చూసి, "ఇది సరిపోదు టీచర్. ఇంకా కావాలి," అంది.

టీచర్ తన పెద్ద నోట్సు పుస్తకం తెచ్చి, నడుమ పిన్నులు గోటితో వంచి విప్పి, ఉన్న తెల్లకాగితాలన్నీ తీసి ఆ పిల్ల ముందు పెట్టింది.